మొరిస్కోల జనాభా లెక్కలు

1492లో గ్రనాడా పతనమైన తర్వాత, 1526 నాటికి స్పెయిను ముస్లిములందరూ బలవంతపు మతమార్పిడికి గురయ్యారు. చరిత్రలో వీరికి మొరిస్కోలని పేరు. వీరి జనసంఖ్యను తెలిపే పత్రాలలో అధికభాగం పాలకులు వ్రాయించినవే. పన్నుల కోసం, నిఘా కోసం గడపలు లెక్కించారు. 1609–1614 మధ్య దేశం నుండి వెళ్లగొట్టినప్పుడు ఓడ ఎక్కినవారి పట్టీలు తయారుచేశారు.

కొందరు పూర్వ రచయితలు బహిష్కృతులను పది లక్షల దాకా పెంచి చెప్పారు. ఫ్రెంచి చరిత్రకారుడు ఆన్రీ లపేర్ 1959లో ప్రకటించిన గ్రంథంలో ఆ పత్రాలను పరిశీలించి, వారి సంఖ్య సుమారు 3 లక్షలని నిర్ణయించారు. అందులో లక్షకు పైగా వలెన్సియా వారే.

అయితే గడపకు ఎందరన్నది అంచనాయే. దాగినవారు, తల్లిదండ్రుల నుండి వేరుచేసి ఉంచేసిన పసివారు ఓడల పట్టీలకు ఎక్కలేదు. వెళ్లగొట్టడానికి వ్రాసిన చిట్టాలే నేడు ఆ ప్రజల ఉనికికి సాక్ష్యంగా మిగిలాయి.