ఎముకల లోపమును తెలిపిన నీలిరంగు

పట్టిసీమను దాటిన గోదావరి ధవళేశ్వరము ఆనకట్టను చేరి, కాలువలుగా చీలి భీమవరము వరకు పొలములను తడుపును. ఆ భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఎముకల వైద్యచరిత్రలోను నిలిచియున్నది.

ఎముకకు గట్టిదనము నిచ్చునది ముఖ్యముగా కాల్షియము, భాస్వరములు గల లవణము. విటమిన్ డి చాలనిచో అది ఎముకలో సరిగా చేరదు. పిల్లల ఎముకలు మెత్తబడి వంగిపోవును. దీనినే రికెట్స్ అందురు. ఇందువలన కటివలయము వంకరపోయిన బాలిక పెరిగి తల్లి కాబోవునప్పుడు ప్రసవము ప్రాణాపాయము కావచ్చును. రికెట్స్‌లో రక్తములోని భాస్వరము సాధారణముగా తగ్గును. కాని దానిని కొద్దిపాటి రక్తములో కొలుచుట ఎట్లు?

1925లో హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే, సుబ్బారావుగారు ఇందుకు నమ్మదగిన పద్ధతిని ప్రకటించిరి. రక్తమునుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవమునకు ఆమ్లముతోపాటు మాలిబ్డేటును కలుపుదురు. అది ఫాస్ఫేటుతో కూడును. తరువాత క్షయకరణిని చేర్చగా నీలిరంగు పుట్టును. రంగు ఎంత చిక్కనైతే భాస్వరము అంత ఎక్కువ. పరిమాణము తెలిసిన ద్రావణపు రంగుతో పోల్చి లెక్కింతురు.

ఈ అంకె ఒక్కటే రోగనిర్ణయము కాదు. కాల్షియము మొదలగువానితో కలిపి చూడవలెను. అయినను, కంటికి కానరాని లోపమును వైద్యుడు కొలిచి చూచుటకు అది దారి యిచ్చినది. నేటి ప్రయోగశాలల యంత్రములలో పెక్కింట ఫాస్ఫేటును కొలుచుటకు ఇప్పటికిని మాలిబ్డేటే ఆధారము.