కెమేరా కొన్నవారి కథ: ఎన్నిక, మార్పిడి, భీమా

1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరములో విజ్ఞాన పరిషత్తును, లలితకళా పరిషత్తును కలిసి సమావేశమై, డాగేర్ కనిపెట్టిన ఛాయాచిత్ర విధానమును లోకమునకు వెల్లడించినవి. వెంటనే అల్ఫాన్స్ జిరూ అను వర్తకుడు ఆ విధానమునకు తగిన కెమేరాలను అమ్మకమునకు పెట్టెను. పెట్టె, కటకము, వెండి పూసిన రాగి రేకులు, అయొడిన్ పట్టించు పెట్టె, పాదరసపు ఆవిరి పట్టించు పెట్టె అన్నియు కలిపి వెల 400 ఫ్రాంకులు. బరువు ఇంచుమించు 50 కిలోలు. ప్రతి కెమేరాకును ప్రక్కను ఒక చిన్న ఫలకమును బిగించి, దానిపై వరుస సంఖ్యను, డాగేర్ సంతకమును, జిరూ ముద్రను ఉంచిరి. ఆ సంతకము, ఆ ముద్ర లేని యంత్రమునకు పూచీ లేదని కూడ ఆ ఫలకముమీదనే వ్రాసిరి.

వేడుకకై ఛాయాచిత్రములు తీయు ఔత్సాహికుని చింతలు మూడు. ఏ కెమేరా కొనవలెను? క్రొత్తది వచ్చినపుడు పాతదానిని ఏమి చేయవలెను? అది పోయినను, పగిలినను ఆ నష్టమును ఎవరు భరింతురు? ఈ మూడును నేటి దుకాణములలో పుట్టినవి కావు, కెమేరాతోపాటు పుట్టినవే. వానికి వెనుకటివారు చెప్పుకొన్న సమాధానములను కొన్నింటిని ఇచ్చట పరిశీలింతము.

మన దేశమునకు ఈ విద్య ఆలస్యముగా రాలేదు. 1840 నాటికే కలకత్తాలో కెమేరాలు అమ్మకమునకు వచ్చినవి. 1854లో బొంబాయిలోను, ఆ వెనుక కొలది ఏండ్లలోనే కలకత్తా, మదరాసు నగరములలోను ఛాయాచిత్ర సమాజములు వెలసినవి. ఆ దినములలో ఎన్నిక యనగా కెమేరా ఎన్నిక కాదు, విధానము ఎన్నిక. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి పలక విధానములో చిత్రము మిక్కిలి స్పష్టముగా వచ్చెడిది. కాని గాజు పలకపై మందు పూసి, అది ఆరకముందే చిత్రము తీసి, అప్పటికప్పుడే చీకటి గుడారములో కడుగవలసియుండెను. ఎక్కడికి పోయినను గుడారమును, సీసాలను, గాజు పలకలను, నీళ్లను మోయించుకొని పోవలెను. నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉండి, వేడుకకై ఈ విద్య నేర్చిన సామ్యుయెల్ బోర్న్ 1863లో మన దేశమునకు వచ్చి హిమాలయములకు పయనమైనపుడు, ఆయన వెంట పదులకొలది కూలీలు నడువవలసివచ్చెను.

అంతకుముందే మదరాసు సైన్యములో అధికారిగా ఉన్న లిన్నేయస్ ట్రైప్ వేఱొక మార్గమును త్రొక్కెను. మైసూరు దేవాలయములను, 1855లో బర్మాను చిత్రించునపుడు ఆయన కాగితపు నెగటివులను ఎన్నుకొనెను. కాగితమును ముందుగా సిద్ధము చేసికొనవచ్చును, అది తేలిక, వేడి దేశములో ప్రయాణమునకు అనువైనది. గాజు ఇచ్చు స్పష్టత కొంత పోయినను, పని సాగుట ముఖ్యమని ఆయన యెంచెను. 1856లో మదరాసు ప్రభుత్వము ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. ఆనాడు మదరాసు మ్యూజియములో ఉన్న మన అమరావతి శిల్పములను 1858లో చిత్రించినవాడు ఆయనయే. అయితే ఈ పని ఖర్చుతో కూడిన విలాసమని 1860లో గవర్నరు ట్రెవెల్యన్ తలంచుటచే ఆ ఉద్యోగము ముగిసెను. కెమేరాపై పెట్టు ధనము వ్యర్థమా, కాదా అను తగవు మన యిండ్లలోనే కాదు, ప్రభుత్వపు కచేరీలలోను జరిగినదే. ఆనాటి ఖర్చు మరుగుపడినది. అమరావతి శిల్పముల చిత్రములు నేటికిని పండితులకు ఆధారములై నిలిచినవి.

మార్పిడి విషయమున జూలియా మార్గరెట్ కామెరాన్ కథ తెలిసికొనదగినది. ఈమె 1815లో కలకత్తాలో పుట్టినది. 48 ఏండ్ల వయస్సున, 1863లో, కూతురును అల్లుడును ఆమెకు ఒక కెమేరాను కానుకగా ఇచ్చిరి. దానిలో పట్టు పలక 11 అంగుళముల పొడవు, 9 అంగుళముల వెడల్పు గలది. ఆ కెమేరాతోనే ఆమె రెండు మూడు ఏండ్లు ఎడతెగక పనిచేసి, మనుష్యుల ముఖములను మెత్తని వెలుగునీడలలో చూపు తన పద్ధతిని సాధించుకొనెను. 1866లో 15 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు గల పలక పట్టు పెద్ద కెమేరాకు మారినది. అప్పటికి ఆమెకు ఏమి కావలెనో తెలియును: ముఖము ఇంకను పెద్దదిగా రావలెను, అది పాత పెట్టెలో రాదు. పాత పరికరము ఏ పనికి చాలదో స్పష్టముగా చెప్పగలిగిననాడే మార్పిడికి అర్థము కలదని ఆమె నడవడి మనకు తెలుపుచున్నది.

ఈ వేడుకను సామాన్య గృహస్థుని యింటికి తెచ్చినవాడు అమెరికాలోని జార్జి ఈస్ట్‌మన్. 1888లో ఆయన అమ్మిన కోడాక్ కెమేరా వెల 25 డాలర్లు. అందులో 100 చిత్రములకు సరిపడు ఫిలిము ముందుగానే అమర్చియుండెడిది. చిత్రములు తీయుట పూర్తియైన పిదప పెట్టెను అట్లే కర్మాగారమునకు పంపిన, 10 డాలర్లకు చిత్రములను అచ్చువేసి, క్రొత్త ఫిలిము నింపి పంపెడివారు. 1900లో ఒక్క డాలరునకే బ్రౌనీ వచ్చెను. మొదటి ఖర్చు తగ్గెను గాని, ఫిలిము ఖర్చు ఎడతెగనిది ఆయెను. కెమేరా వెలను మాత్రమే చూచి కొనువాడు సగము లెక్కయే చూచినవాడని ఆనాడే తేలినది. మన దేశములోను డబ్బా కెమేరాలు పెండ్లిండ్లలో, తీర్థయాత్రలలో ఎన్నియో యిండ్లకు జ్ఞాపకములను మిగిల్చినవి. ఒక్కొక్క ఫిలిము చుట్టకు పండ్రెండు చిత్రములే గనుక, మీట నొక్కుటకు ముందు ఇంటిల్లిపాదియు ఊపిరి బిగబట్టి నిలిచెడివారు.

ఆ తరువాతి ఘట్టము జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణమున జరిగినది. సూక్ష్మదర్శినులు చేయు లైట్స్ సంస్థలో పనిచేయుచుండిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసవ్యాధిచే బరువు కెమేరాను మోయలేక, సినిమా ఫిలిమును వాడు చిన్న కెమేరాను కల్పించెను. అదియే 1925లో లైప్జిగ్ సంతలో ప్రదర్శింపబడిన లైకా. మొదట దాని కటకము కదలనిది. 1930లో కటకములను మార్చుకొను వీలు కలిగినది. 1932లో దూరమును కొలుచు సాధనమును కెమేరాలోనే అమర్చిరి. అయితే పాత లైకా కొన్నవారి గతి యేమి? వారు తమ కెమేరాను కర్మాగారమునకు పంపినచో, తగిన రుసుము పుచ్చుకొని క్రొత్త నమూనాకు మార్చి యిచ్చు ఏర్పాటును ఆ సంస్థ చేసెను. 1954లో ఎం3 అను నమూనాలో కటకమును బిగించు పద్ధతినే మార్చినపుడు సైతము, ఒక చిన్న వలయము సాయమున పాత కటకములు దానికి పట్టునట్లు చూచిరి.

అన్ని సంస్థలును ఇట్లు చేయలేదు. కొన్నిసార్లు చేయుటకు వీలులేకపోయినది. జపానులో 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమేరా బిగింపు కొలది మార్పులతో దశాబ్దములు నిలిచినది. కానన్ సంస్థ 1987లో కటకమునకును కెమేరాకును నడుమ విద్యుత్ సంబంధము గల క్రొత్త బిగింపును తెచ్చినపుడు, పాత కటకములు క్రొత్త కెమేరాకు పట్టకపోయినవి. తన కటకములన్నియు ఒక్కనాటిలో వెనుకబడిపోయినవని చింతించిన ఔత్సాహికులు ఆనాడు ఎందరో కలరు. అటుపిమ్మట ఫిలిము వంతు వచ్చెను. కోడాక్రోమ్ ఫిలిము తయారీ 2009లో నిలిచినది. 1967లో ఉత్పత్తి ప్రారంభించిన మన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ కూడ మూతపడినది. కెమేరా చక్కగా ఉన్నను, దానికి ఆహారము లేకున్న అది అలంకార వస్తువే.

కావున చరిత్ర చూపు మార్గమిది. కెమేరా పెట్టె త్వరగా పాతబడును. మంచి కటకము చాలకాలము నిలుచును. కొనునపుడు పెట్టెపై అంతయు వెచ్చింపక, కటకమునకు ఎక్కువ పాలు ఉంచుట మేలు. కటకముల బిగింపు ఎంతకాలముగా నిలిచియున్నది, పాతవి పట్టునా, బాగుచేయువారు దగ్గర కలరా అని విచారించిన తరువాతనే సొమ్ము విప్పవలెను. నేడు చేతి ఫోనుతోనే చక్కని చిత్రములు వచ్చుచున్నవి. అట్టిచో, ఫోను చేయలేని ఏ పనికై కెమేరా కొనుచున్నామో ముందుగా తెలియుట మరింత అవసరము.

ఇక మూడవ చింత. అగ్నిభీమా 1666 నాటి లండను మహాగ్ని తరువాత పుట్టినది. దొంగతనమునకు భీమా లాయిడ్స్ సంతలో 1880ల చివర కత్బర్ట్ హీత్ చొరవతో వచ్చినది. నగలు, కెమేరాలు వంటి విలువగల చరవస్తువులకు అగ్ని, చోరత్వము, ఆకస్మిక ప్రమాదము కలిపి 'అన్ని అపాయముల' భీమా అని పేరు పెట్టిరి. మన దేశములో సాధారణ భీమా సంస్థలు 1973 జనవరి 1 నుండి ప్రభుత్వపరమై నాలుగు సంస్థలుగా ఏర్పడినవి. 2000 తరువాత ప్రైవేటు సంస్థలకు మరల ప్రవేశము లభించినది. గృహభీమాలో కెమేరాను విడిగా పేర్కొని చేర్చుకొను పద్ధతి చాలకాలముగా కలదు.

పేరు 'అన్ని అపాయములు' అయినను, అన్నియు అందులో చేరవు. వాడుకచే కలుగు అరుగుదల, మెల్లమెల్లగా పట్టు బూజు, లోపలి యంత్రము తనంతట చెడుట, కాపలా లేని బండిలో వదలినపుడు పోవుట సాధారణముగా మినహాయింపులు. కూలికి పెండ్లి చిత్రములు తీసినచో, వేడుక భీమా అక్కఱకు రాకపోవచ్చును. తక్కువ విలువకు భీమా చేయుటయు ప్రమాదమే. లక్ష రూపాయల సామగ్రిని 60,000కే భీమా చేసితిమనుకొందము. 20,000 నష్టము కలిగినపుడు, సరాసరి నియమము గల పత్రమైనచో చేతికి వచ్చునది 12,000 మాత్రమే. అందుచే సంవత్సరమునకొకసారి విలువను సరిచూచుకొనవలెను. కొన్న రసీదును, కెమేరాపైని, కటకముపైని వరుస సంఖ్యలను వ్రాసి, కెమేరా సంచిలో గాక వేఱొకచోట ఉంచవలెను. జిరూ బిగించిన ఫలకమునకు ఇదియే నేటి ప్రయోజనము.

బూజునకు భీమా లేదంటిమి. మన కోస్తా జిల్లాలలో వానకాలపు చెమ్మకు కటకము లోపల సాలెపట్టువలె బూజు అల్లుకొనును. అది గాజు పూతను తినివేయును. తోలు సంచిలో నెలలతరబడి మూసియుంచిన కటకమునకే ఈ కీడు ఎక్కువ. మూత గట్టిగా పట్టు డబ్బాలో చెమ్మను పీల్చు సిలికా జెల్ ఉంచి, అప్పుడప్పుడు కటకమును వెలుతురులోనికి తీసి వాడుచుండుటయే దీనికి మందు. ఈ భీమాకు అయ్యెడి ఖర్చు కొలది రూపాయలే.

చివరకు ఏ భీమాయు తిరిగి ఈయలేనిది ఒకటి కలదు. 1874లో ఇందోరులో ప్రభుత్వోద్యోగిగా ఉండి వేడుకకై ఛాయాచిత్రణమును చేపట్టిన లాలా దీనదయాళు 1885లో ఆరవ నిజాము ఆస్థాన చిత్రకారుడై, 1886లో సికింద్రాబాదున చిత్రశాలను నెలకొల్పి, 1905లో గతించెను. ఆయన గాజు పలకలు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో భద్రముగా ఉన్నవి. ఆయన యే వెలకు ఏ కెమేరా కొనెనో నేడు ఎవరును అడుగరు. నాటి హైదరాబాదును చూడగోరువారు ఆ పలకలనే వెదకుదురు. కెమేరా పోయిన భీమా సొమ్ముతో మరొకటి కొనవచ్చును. తాతగారి ముఖము గల ఒక్క చిత్రము పోయిన, మరల తీయుటకు తాతగారు ఉండరు. కావున చిత్రములకు ప్రతులు తీసి, ఒకటి ఇంటను, ఒకటి వేఱొక ఊరిలోని బంధువుల యింటను ఉంచుడు. కెమేరా కొనుటకు దాచిన సొమ్ములో కొంత ఈ పనికి మిగుల్చుకొనుడని పాఠకులకు మా మనవి.