ఎవరి కీబోర్డు వారిదే!

మా ఇంట్లో నా కంప్యూటర్‌ను నేను తప్ప మరొకరు వాడలేరు. దానికి తాళమేమీ లేదు. మీటల మీద అక్షరాలుండవు. కాప్స్‌లాక్ నొక్కితే కంట్రోల్ పనిచేస్తుంది. ఒకసారి విమానం టికెట్టు ప్రింటు తీసుకుందామని కూర్చున్న మా ఆవిడ, "ఈ గుడికి మీరే పూజారి, మీరే భక్తులు" అని దణ్ణం పెట్టి లేచింది.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్న మిత్రులు ఈపాటికే ముసిముసిగా నవ్వుకుంటూ ఉంటారు. దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది.

మిల్వాకీకి చెందిన క్రిస్టఫర్ షోల్స్, ఆయన మిత్రులు 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందారు. 1874లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. మనం నేటికీ వాడే క్వెర్టీ వరస అక్కడి నుంచి వచ్చిందే. వేళ్ళకు శ్రమ తగ్గించాలని సియాటిల్‌లో ఆచార్యుడైన ఆగస్ట్ డ్వొరాక్, తన బావమరిదితో కలిసి 1936లో మరో వరసకు పేటెంటు తీసుకున్నారు. లోకం మాత్రం అలవాటు మార్చుకోలేదు.

ప్రోగ్రామర్ల తీరు వేరు. 1976 ప్రాంతంలో బర్క్‌లీలో బిల్ జాయ్ 'వీఐ' ఎడిటరు రాసిన టెర్మినల్ మీద బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటలపైనే ముద్రించి ఉండేవి. ఆ టెర్మినల్ ఎప్పుడో మూలపడింది. మా బోటివాళ్ళం మాత్రం ఇప్పటికీ ఆ నాలుగు మీటలతోనే అటూ ఇటూ తిరుగుతున్నాం. అదే దశకంలో ఎంఐటీలో టామ్ నైట్ రూపొందించిన 'స్పేస్ కాడెట్' కీబోర్డులో షిఫ్టు, కంట్రోల్ లాంటి మీటలు ఏడు రకాలు! పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో.

అసలు కథ కూడా ఎంఐటీలోనే జరిగింది. అక్కడి కృత్రిమ మేధ ప్రయోగశాలలో 'టెకో' అనే ఎడిటరు ఉండేది. దానికి ఎవరికి నచ్చిన ఆదేశాలు వారు తగిలించుకున్నారు. చివరికి ఎవరికి వారే యమునా తీరే అయింది. ఒకరి దగ్గర మరొకరు కూర్చుంటే ఏ మీట ఏం చేస్తుందో తెలియదు. 1976లో గై స్టీల్ ఈ ఆదేశాలన్నిటినీ ఒక దారికి తెచ్చే పని మొదలుపెడితే, రిచర్డ్ స్టాల్‌మన్ పూర్తిచేశారు. అదే 'ఈమాక్స్'. ఎవరిష్టం వచ్చినట్టు వారు మార్చుకోవచ్చు. కాకపోతే చేసిన మెరుగును తిరిగి అందరికీ ఇవ్వాలన్నది స్టాల్‌మన్ పెట్టిన షరతు.

తెలుగుకూ సరిగ్గా ఇదే అవస్థ వచ్చింది. 1990ల తొలినాళ్ళలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో మన విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే 'ఆర్‌టీఎస్' పద్ధతిని తయారుచేసి అందరికీ ఇచ్చారు. మరోపక్క ఇంటర్నెట్‌లో ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఒకదానిలో రాసింది మరొకదానిలో తెరిస్తే అర్థంలేని గుర్తులు! యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ దాన్ని చూపించగలిగింది కూడా.

అయినా 2003లో, ఇక్కడ ఎం.ఎస్. చదువుతూ, నేనేం తక్కువ తిన్నానా అని సొంత ఫాంటు, సొంత మీటల వరస చేసుకున్నాను. ఆదివారాలు ఫోనులో తాతయ్య తన చిన్ననాటి ఊరి ముచ్చట్లు చెబుతుంటే అందులోనే టైపు చేశాను. మొత్తం అరవై పేజీలు. నాలుగు పేజీలు ప్రింటు తీసి పోస్టులో పంపితే ఆయన ఎంత మురిసిపోయారో!

తర్వాత ఆ కంప్యూటర్ పాడైంది. దాంతోపాటు ఫాంటూ పోయింది. 2011లో తాతయ్య పోయాక, సంవత్సరీకానికి ఆ పేజీలు పుస్తకంగా వేద్దామన్నాడు మా తమ్ముడు. దాచుకున్న ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే. ఏ గుర్తు ఏ అక్షరమో నాకే జ్ఞాపకం లేదు. తాతయ్య దాచుకున్న ఆ నాలుగు పేజీలే ఆదుకున్నాయి. వాటిని పక్కన పెట్టుకుని మూడు వారాల పాటు ఒక్కో గుర్తూ పోల్చుకున్నాను. ఆ పేజీల్లో రాని వత్తులు మాత్రం దొరకలేదు. మామూలు మాటలైతే సందర్భాన్నిబట్టి పూరించవచ్చు. మనుషుల పేర్లను ఎలా పూరించగలం? ఆయన తలుచుకున్న తొమ్మిది మంది పేర్లు పుస్తకంలో ఖాళీగానే ఉన్నాయి. అడుగుదామంటే ఆయన లేరు.

టెకో వాడినవాళ్ళు 1976లోనే నేర్చుకున్న పాఠం నాకు ఆలస్యంగా వంటబట్టింది. మీటలు మన వేళ్ళ కోసం. వాటిని ఎలా మార్చుకున్నా ఫరవాలేదు. రాసి దాచేది మాత్రం ఇతరుల కోసం. అది అందరికీ తెలిసిన లిపిసంకేతంలోనే ఉండాలి. మీ ఇళ్ళల్లోనూ అమ్మానాన్నల మాటలు పాత ఫాంట్లలో ఉండే ఉంటాయి. వాటిని చదివి సరిచూడగల పెద్దలు ఉండగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి.

నా కీబోర్డు మీద ఇప్పటికీ అక్షరాలు లేవు. పక్కనే మా ఆవిడ కోసం మామూలు కీబోర్డు ఒకటి పెట్టాను. ఈ వ్యాసం దాని మీదే టైపు చేశాను.