గీత, చుక్క, కొలత: సంగారెడ్డి–పటాన్‌చెరు లోహ పరిశ్రమలో చేతి పనిముట్లు

సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంత పారిశ్రామిక చరిత్రను సాధారణంగా పెట్టుబడి, భూసేకరణ, కాలుష్యం, కార్మికోద్యమాల దృష్ట్యా పరిశీలించడం జరుగుతున్నది. అయితే ఇక్కడి పని నైపుణ్యం ఎలా మారిందో తెలుసుకోవడానికి ఫిట్టర్ చేతిలోని కొలత, మార్కింగ్ పనిముట్లు ముఖ్యమైన ఆధారాలు.

1960లలో రామచంద్రాపురంలో చెకోస్లొవేకియా సహకారంతో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వెలసింది. తరువాత అది బి.హెచ్.ఇ.ఎల్.లో భాగమైంది. అప్పటికే భారతదేశం 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టంతో మెట్రిక్ పద్ధతికి మారుతున్నది. కాని చట్టం మారినంత త్వరగా చేతి అలవాటు మారదు. అంగుళంలో 8వ వంతైన ‘సూత్’ 3.175 మిల్లీమీటర్లకు సమానం. 1000వ వంతైన ‘థౌ’ 0.0254 మిల్లీమీటర్లకు సమానం. ఈ రెండు భాషల మధ్య అనువాదం పనివాని మనసులోనే జరగవలసి వచ్చింది.

పనిముట్ల స్వభావంలోనూ ఇటువంటి భేదమే కనిపిస్తుంది. సాధారణ కాలిపర్ ఒక వస్తువును మరొకదానితో పోల్చుతుంది; బిగువును వేళ్ల స్పర్శ నిర్ణయిస్తుంది. 0.5 మిల్లీమీటర్ల పిచ్ గల మర, 50 విభాగాల థింబుల్ కలిగిన మైక్రోమీటర్ 0.01 మిల్లీమీటర్ వరకు అంకెను చూపుతుంది. ఒకచోట తయారైన భాగం మరొకచోట అమరవలసినప్పుడు స్పర్శ చాలదు. ఇద్దరూ అంగీకరించే అంకె కావాలి. భారీ కర్మాగారానికీ అనుబంధ చిన్న పరిశ్రమలకూ మధ్య నమ్మకం ఈ అంకెపైనే ఆధారపడుతుంది.

మార్కింగ్‌ది మరొక చరిత్ర. లోహంపై మైలుతుత్తం ద్రావణం పూసి, సర్ఫేస్ ప్లేట్‌పై నిలిపి, స్క్రైబర్‌తో గీత గీస్తారు. గీత చెరిగినా ఆనవాలు నిలిచేలా సెంటర్ పంచ్‌తో చుక్కలు కొడతారు. గీత వరకు సరిగా కోస్తే అంచున సగం చుక్క మిగులుతుంది. పని సరిగా జరిగిందనడానికి అదే సాక్ష్యం.

సి.ఎన్.సి. యంత్రాలు వచ్చాక అనేక భాగాలకు ఈ గీతల అవసరం తగ్గింది. భారీ పోతలలో మాత్రం కోతకు తగినంత లోహం ఉన్నదో లేదో నిర్ధారించడానికి మార్కింగ్ నేటికీ ఉపకరిస్తుంది. అయితే తుది మెరుగులో ఆ సగం చుక్క కూడా తొలగిపోతుంది. ఫిట్టర్ నిర్ణయానికి వస్తువుపై గుర్తు మిగలదు. అందువల్ల ఐ.టి.ఐ. అభ్యాస పుస్తకాలు, అరిగిన పనిముట్లు, విశ్రాంత కార్మికుల మౌఖిక కథనాలు ప్రాథమిక ఆధారాలుగా సేకరించదగినవి. అవి లేనిదే ఈ ప్రాంత చరిత్రలో యంత్రాల జాబితా మిగులుతుంది గాని, వాటితో పని చేసినవారి విజ్ఞానం మిగలదు.