డిస్నీల్యాండ్ మాటర్‌హార్న్ రోలర్ కోస్టర్: ఆరోహణ, అవరోహణల చరిత్ర

వ్యాససంగ్రహం:
కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1959లో ప్రారంభమైన మాటర్‌హార్న్ రోలర్ కోస్టర్ ఒక ఆల్ప్స్ పర్వతానికి నమూనా. పర్వతారోహకుల ప్రాణాలు తీసిన అవరోహణ వినోదంగా మారిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రోలర్ కోస్టర్, మాటర్‌హార్న్, డిస్నీల్యాండ్, పర్వతారోహణ, యతి.

1. ఉపోద్ఘాతం:
రోలర్ కోస్టర్‌కూ పర్వతానికీ గల సంబంధం డిస్నీతో మొదలైనది కాదు. రష్యాలో 17, 18 శతాబ్దాల్లో శీతకాలపు వేడుకల కోసం కొయ్యకట్టడాలపై నీరు పోసి, గడ్డకట్టించి ‘కొండలు’ నిర్మించేవారు. జనం మెట్లెక్కి పైకి చేరి జారేవారు. 1817లో పారిస్‌లోని బెల్‌విల్‌లో చక్రాల బండ్లతో ఇవే ‘రష్యన్ కొండలు’గా వెలిశాయి. ఫ్రెంచివారు రోలర్ కోస్టర్‌ను నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. రష్యన్లు మాత్రం ‘అమెరికన్ కొండలు’ అంటారు. పేరులో దేశం మారినా కొండ మారలేదు.

1884లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ ప్రారంభించిన రైలుకూ ప్రయాణికులు మెట్లెక్కే చేరేవారు. అనంతరం బండ్లను పైకి లాగే గొలుసుయంత్రం వచ్చి ఆ శ్రమను కూడా తొలగించింది. ఆరోహణ యంత్రం పనైంది. అవరోహణ మనిషికి ఆనందమైంది.

2. అసలు పర్వతం:
స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులోని మాటర్‌హార్న్ ఎత్తు 4,478 మీటర్లు. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం తొలిసారి ఆ శిఖరాన్ని చేరింది. ఎక్కిన ఏడుగురిలో నలుగురు దిగేటప్పుడు జారిపడి మరణించారు. వారిని మిగిలినవారితో కలిపిన తాడు తెగిపోయింది. శిఖరవిజయం కంటే ఈ విషాదమే ఆ పర్వతానికి ఎక్కువ ప్రసిద్ధి తెచ్చింది.

ఈ ఆరోహణచరిత్ర ప్రేరణగా జేమ్స్ రామ్సే ఉల్మన్ 1954లో ‘బ్యానర్ ఇన్ ద స్కై’ నవల రాశాడు. దానినే డిస్నీ సంస్థ ‘థర్డ్ మ్యాన్ ఆన్ ద మౌంటెన్’ చలనచిత్రంగా తీసింది. ఆ చిత్రం విడుదలైన 1959లోనే, జూన్ 14న, డిస్నీల్యాండ్ మాటర్‌హార్న్ ప్రారంభమైంది.

3. నమూనా పర్వతం:
దీని ఎత్తు 147 అడుగులు. అంటే అసలు పర్వతంలో నూరోవంతు. దీని పట్టాలను యారో డెవలప్‌మెంట్ సంస్థ గొట్టపు ఉక్కుతో రూపొందించింది. రోలర్ కోస్టర్ల చరిత్రలో ఇదొక మలుపు. కొయ్యకట్టడంపై సాధ్యం కాని ఇరుకు మలుపులు ఉక్కుగొట్టంతో సాధ్యమయ్యాయి. అందువల్లనే రెండు మార్గాలను ఒక్క కొండలో చుట్టగలిగారు. బండిని పైకి లాగే భాగం కొండలోపలి చీకటిలో ఉంటుంది. ప్రయాణికుడికి శిఖరదర్శనం లేదు, దిగడమే ప్రయాణం.

4. హిమాలయ ప్రాణి:
1978లో ఈ ఆల్ప్స్ కొండలోకి యతి ప్రవేశించింది. హిమాలయ ప్రజల విశ్వాసాలకు చెందిన ఆ ప్రాణి ఇక్కడ కేవలం భయకారకంగా మిగిలింది. 2006లో ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో ప్రారంభమైన ‘ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్’ యతిని హిమాలయ వాతావరణానికి, పర్వతరక్షకుని పాత్రకు తిరిగి చేర్చింది. అందులో బండి ఎక్కుతూ ఎక్కుతూ తెగిన పట్టాల ముందు ఆగి, వెనక్కు జారుతుంది. యాత్రికులు ఎవరెస్టును చేరరు. మాటర్‌హార్న్ చీకటిలో దాచిన ఆరోహణను ఇది కళ్లెదుటే భగ్నం చేస్తుంది.

5. ముగింపు:
పర్వతారోహకుడికి శిఖరం గమ్యం, అవరోహణ గండం. రోలర్ కోస్టర్ గమ్యాన్ని తొలగించి, గండాన్ని మాత్రమే నియమబద్ధం చేసి అందించింది. ఆ నియమానికీ హద్దు ఉందని 1964లోనూ 1984లోనూ డిస్నీల్యాండ్ మాటర్‌హార్న్‌పై జరిగిన ప్రమాదాల్లో ఇద్దరు సందర్శకులు మరణించడం తెలుపుతుంది. 1865లో తెగిన తాడు నేటికీ జెర్మాట్ మ్యూజియంలో ఉంది. ఆ తాడు చెప్పే మరణవృత్తాంతం నవలగా, చలనచిత్రంగా, చివరకు సవారీగా మారే ప్రతి దశలోనూ మృతుల జాడ పలుచబడింది. కనుక ఇటువంటి నిర్మాణాలను యంత్రచరిత్రగానే కాక, సమాజం విషాదాన్ని మరచిపోయే తీరుకు సాక్ష్యాలుగానూ అధ్యయనం చేయవలసి ఉంది.