కృష్ణా వరద తగ్గాక మీ నష్టాన్ని ఎవరు రాసుకుంటారు? ఎలా రాసుకుంటారు?

2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్లింది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును ఇది దాటేసింది. ఈ నీరంతా కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకలను తడుపుతూ పెనుమూడి వారధి కిందుగా సముద్రం వైపు పోవాల్సిందే. బ్యారేజీ దగ్గర ప్రవాహం 4 లక్షల క్యూసెక్కులకు చేరువైతేనే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే, ఆ రోజు వచ్చిన వరద ఎంతటిదో ఊహించుకోవచ్చు.

వరద వార్తలు నాలుగు రోజులే ఉంటాయి. లెక్కలు మాత్రం నీరు తీశాకే మొదలవుతాయి. అధికారులు దీన్ని ఎన్యూమరేషన్ అంటారు. మీకు సాయం అందేదీ లేనిదీ తేలేది ఇక్కడే.

ఎవరు వస్తారు?

పొలం దగ్గరికి వీఆర్వో, వ్యవసాయ సహాయకుడు వస్తారు. అరటి, పసుపు, కంద, తమలపాకు తోటలైతే ఉద్యాన సహాయకుడు, పశువులు పోతే పశుసంవర్ధక శాఖ సిబ్బంది, ఇల్లు దెబ్బతింటే సచివాలయ ఇంజినీరింగ్ సహాయకుడు చూస్తారు. తర్వాత జాబితాను గ్రామ సచివాలయంలో అంటిస్తారు. చాలామంది దాన్ని చూడరు. డబ్బు పడలేదని తెలిసిన రోజున చూస్తారు, అప్పటికి అభ్యంతరాల గడువు అయిపోయి ఉంటుంది.

ఎంత వస్తుంది?

కేంద్రం 2022లో ప్రకటించిన విపత్తు నిధి నిబంధనలే దీనికి ఆధారం. పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతింటేనే లెక్కలోకి వస్తుంది. నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు రూ.17 వేలు, బహువార్షిక తోటలకు రూ.22,500, అదీ రెండు హెక్టార్ల వరకే. పాలిచ్చే గేదె పోతే రూ.37,500. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే రూ.1.20 లక్షలు. పడవ పూర్తిగా పోతే రూ.15 వేలు, వల పోతే రూ.4 వేలు. ఆ ధరకు పడవ ఎక్కడ దొరుకుతుందో పెనుమూడి రేవులో అడిగి చూడండి. అందుకే దీన్ని పరిహారం అనకుండా తక్షణ సాయం అనడమే సరైనది. రాష్ట్రం తన వంతుగా పెంచి ఇవ్వొచ్చు. 2024లో వరికి హెక్టారుకు రూ.25 వేలు, అంటే ఎకరాకు రూ.10 వేలు ప్రకటించింది.

కౌలుకు చేస్తుంటే?

లంకల్లో అసలు చిక్కు ఇదే. తోట మునిగింది మీది, పాస్‌బుక్కు ఇంకొకరిది. సాయం ఎవరి ఖాతాలో పడాలన్నది ఈ-పంట నమోదును బట్టి తేలుతుంది. ఆ నమోదులో సాగుదారుగా మీ పేరు ఉండాలంటే పంట సాగు హక్కు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం ఇది 11 నెలలకు ఇస్తారు. భూయజమాని సంతకం తప్పనిసరి కావడంతో, నోటిమాట కౌళ్లు నడిచే ఊళ్లలో చాలామంది దీన్ని తీసుకోలేరు. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందని యజమానులు భయపడతారు. ఆ కార్డు భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు, పంట మీదే ఇస్తుంది. ఈ మాట వాళ్లకు చెప్పాల్సింది ఖరీఫ్ మొదట్లోనే. కృష్ణ పొంగాక చెప్పి లాభం లేదు.

కరకట్టకు నది వైపు ఇల్లున్నవారికి మరో ఇబ్బంది. కూలిన ఇల్లు అనుమతి ఉన్న నిర్మాణమేనని అధికారి ధ్రువీకరించాలని నిబంధన చెబుతోంది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పొజిషన్ కాగితం, ఏది ఉన్నా అట్టిపెట్టుకోండి.

మీరు చేయగలిగింది

నీరు ఇంకా నిలిచి ఉండగానే ఫొటోలు తీయండి. గోడ మీద నీటి చార కనిపించేలా, తేదీ పడేలా తీయండి. చనిపోయిన పశువును పశువైద్యుడు చూడకముందే పూడ్చొద్దు. జాబితాలో పేరు లేకపోతే ముందు సచివాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ పని కాకపోతే తహసీల్దారు కార్యాలయం, ఆపైన కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల వేదిక ఉన్నాయి. 1100కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదవుతుంది.

పాత లెక్కలు కావాలంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బాపట్ల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. 2009లో ఓలేరు దగ్గర కరకట్ట తెగినప్పటి నష్టాలు గుంటూరు జిల్లా పేరిట ఉంటాయి. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి వెతికితే ఎక్కువగా అవతలి ఒడ్డున ఉన్న దివిసీమ, కృష్ణా జిల్లా పేరిటే దొరుకుతుంది. గుంటూరు వైపు తీరగ్రామాలూ అదే రాత్రి దెబ్బతిన్నాయి కాబట్టి రెండు జిల్లాల రికార్డులూ అడగాలి.