పూచీకత్తు లేని పేదలకు బ్యాంకు రుణం: ఎచ్చెర్ల నేపథ్యంలో ఒక పరిశీలన

2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ పథకంతో పేదల ఇళ్లకు బ్యాంకు పాసుపుస్తకాలు చేరాయి. అయితే శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో కౌలుకు వరి వేసే రైతుకు గానీ, బుడగట్లపాలెం తీరంలో వేటకు వెళ్లే మత్స్యకారుడికి గానీ మదుపు కావలసినప్పుడు ఆ పుస్తకం అప్పు పుట్టించదు. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి 50,000 రూపాయలు తెస్తే ఏడాదికి వడ్డీయే 18,000 అవుతుంది. అదే మొత్తం కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుని గడువులోగా కడితే, రాయితీ పోను 4 శాతం చొప్పున 2,000తో సరిపోతుంది. ఈ 16,000 రూపాయల తేడా భూమి పత్రం లేనివాడి నెత్తిన పడుతున్నది. అందుచేత బ్యాంకులు ఆస్తిని కాక, చేస్తున్న పనినీ దాని రాబడినీ ఆధారంగా తీసుకుని పేదలకు అప్పివ్వాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

తనఖా లేని అప్పు తిరిగి రాదన్న అనుమానానికి ఈ ప్రాంతపు అనుభవమే సమాధానం చెబుతుంది. స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో జోడించే ప్రయోగాన్ని నాబార్డు 1992లో 500 సంఘాలతో చేపట్టింది. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో, ఇలాంటి సంఘాల ఆధారంగా పేదరికం తగ్గించే వెలుగు పథకం అడుగుపెట్టిన తొలి ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. ఇక్కడ డ్వాక్రా పేరుతో పిలిచే ఈ సంఘాల పొదుపు, సమావేశం, తీర్మానం, అప్పుల పుస్తకం, వీటినే బ్యాంకులు పూచీగా స్వీకరించాయి. నేడు సంఘానికి 20 లక్షల వరకు తనఖా లేకుండానే రుణం ఇవ్వవచ్చు. కాకపోతే ఆ మొత్తం సభ్యులందరికీ పంచితే ఒక్కొక్కరి వాటా ఇంటి అవసరాలకు సరిపోవచ్చు గానీ, సాగు మదుపుకో పడవ, వలల ఖర్చుకో అన్నిసార్లూ చాలదు.

కౌలు రైతు దగ్గరికి వచ్చేసరికి చిక్కంతా సర్వే నంబరులో ఉంది. యజమాని అప్పటికే ఆ నంబరు మీద పంట రుణం తీసుకుని ఉంటే, సాగు చేస్తున్నవాడికి బ్యాంకు మళ్లీ ఇవ్వదు. 2011 చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు తెచ్చింది. 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం గడువు 11 నెలలు. దానికి యజమాని సంతకం కావాలి. కాగితం మీద కౌలుదారు పేరు ఎక్కితే భూమి మీద హక్కు పోతుందన్న భయంతో చాలామంది యజమానులు సంతకం పెట్టరు. 2025 జనవరి 1 నుంచి తనఖా లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 1.6 లక్షల నుంచి 2 లక్షలకు పెంచినా, ఈ సంతకం దగ్గర ఆగిపోయినవాడికి ఒరిగేది లేదు. మత్స్యకారులకూ 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు వర్తిస్తుంది. అది అందనివారు వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. పట్టిన చేపను అతనికే, అతను కట్టిన ధరకే అమ్మాలి. వడ్డీ అనే మాట వినపడకుండానే ధరలో వడ్డీ కోత పడిపోతుంది.

పని, రాబడి ఆధారంగా అప్పివ్వాలన్న వాదనకు బలమైన అభ్యంతరం 2010 నాటి సూక్ష్మరుణ సంక్షోభం. తనఖా లేని అప్పులు విచ్చలవిడిగా ఇస్తే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ చూసింది. ఒకే ఇంటికి అనేక సంస్థలు అప్పులిచ్చాయి, వారం వారం వసూళ్లకు వేధించాయి, ఆత్మహత్యలు జరిగాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. కాని నాటి తప్పు తనఖా లేకపోవడంలో లేదు. ఇంటి రాబడి చూడకుండా అప్పివ్వడంలో, రాబడితో పొంతన లేని కిస్తీల్లో ఉంది. సూక్ష్మరుణం తీసుకునే ఇంటి అన్ని అప్పుల నెల కిస్తీలూ కలిపి ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదని 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఈ గ్రహింపుతో వచ్చినదే. వరికి కోత తర్వాత, చేపకు వేట కాలంలో వాయిదా పెడితే ఆ నియమానికి అసలు ప్రయోజనం చేకూరుతుంది. దొంగ కౌలుదారులు పుట్టుకొస్తారన్నది రెండో అభ్యంతరం. ఎవరి మడి ఎవరు దున్నుతున్నారో ఊరికి తెలుసు. గ్రామసభ విచారణనూ ఈ-పంట నమోదునూ కలిపి చూస్తే మోసానికి సందు తగ్గుతుంది.

కాబట్టి చేయవలసినవి మూడు. పంట రుణం సాగుదారుకే చెందాలి. యజమాని భూమి అభివృద్ధికి వేరే రుణం తీసుకోవచ్చు. యజమాని సంతకం స్థానంలో గ్రామసభ ధ్రువీకరణ చెల్లాలి. అది భూమి హక్కును తాకదని చట్టంలోనే రాయాలి. మత్స్యకారుల కార్డులకు మండలాలవారీ లక్ష్యాలు పెట్టి, జిల్లా బ్యాంకర్ల సమావేశంలో ప్రతి మూడు నెలలకూ సమీక్షించాలి. ఖాతాల లెక్క చూసి తృప్తిపడే దశ ముగిసింది. పేదవాడికి అప్పు ఏ వడ్డీకి, ఏ అదనులో అందిందన్నదే ఇకపై బ్యాంకుల పనితీరుకు కొలమానం కావాలి.